చమురు ఒప్పందాల పద్దులు బయటపెట్టాలి

సంపాదకులకు,

చమురు ఒప్పందం అనగానే ప్రభుత్వానికి ఎంత శాతం వస్తుందనే అందరూ అడుగుతారు. లెక్కలు ఎవరి చేతిలో ఉన్నాయో కూడా అడగాలి. 1901లో ఇరాన్ షా ముజఫరుద్దీన్, ఐదు ఉత్తర రాష్ట్రాలు మినహా దేశమంతటా చమురు హక్కులను 60 ఏళ్లకు బ్రిటిష్ వ్యాపారి విలియం డార్సీకి రాసిచ్చారు. ప్రతిఫలం 20 వేల పౌండ్ల నగదు, అంతే విలువైన షేర్లు, నికర లాభంలో 16 శాతం. ఇరాన్ దెబ్బతిన్నది ఇక్కడే. ఖర్చులు రాసేదీ, లాభం తేల్చేదీ ఆ హక్కులు చేతికొచ్చిన ఆంగ్లో-పర్షియన్ ఆయిల్ కంపెనీయే. 1930లో దాదాపు 13 లక్షల పౌండ్లు ముట్టజెప్పిన కంపెనీ, మాంద్యం వచ్చిన మరుసటి ఏడాది సుమారు 3 లక్షలే చేతిలో పెట్టింది! అప్పటి ఇరాన్ పాలకుడు రెజా షా మండిపడి 1932లో ఒప్పందాన్ని రద్దు చేశారు. తీరా 1933లో కొత్తది రాసుకునేసరికి, 1961లో ముగియాల్సిన గడువు 1993 దాకా పాకింది. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయమిది. 1951లో ఇరాన్ ప్రధాని మొసద్దెగ్ చమురును జాతీయం చేస్తే, 1953లో ఆయన్నే కుట్ర చేసి దించేశారు.

మన కృష్ణా-గోదావరి బేసిన్‌లోనూ కాంట్రాక్టర్ల ఖర్చుల లెక్కలను కాగ్ తప్పుపట్టింది. ఆ ఒప్పందాలను, ఖర్చుల పద్దులను కేంద్రం పూర్తిగా ప్రజల ముందు పెట్టాలి.

- ఒక పాఠకుడు, కాకినాడ