లైనక్స్‌ను సెమినార్ హాల్లోంచి రిపేరు షాపుకి తీసుకురండి

సంపాదకులకు,

మాది తెనాలిలో చిన్న కంప్యూటర్ రిపేరు షాపు, పక్క గదిలో డీటీపీ. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయినప్పటి నుంచి మా బల్ల మీదకి వచ్చే పాత లాప్‌టాప్‌లు చాలావాటిది ఒకటే గోల. మెషిన్ శుభ్రంగా ఉంటుంది, కానీ విండోస్ 11 ఎక్కదు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం కన్నా పాత ప్రాసెసర్ అయినా, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేకపోయినా లెక్క ప్రకారం కుదరదు. విండోస్‌కి బదులు పైసా ఖర్చు లేకుండా, ఇలాంటి పాత మెషిన్లలో కూడా వేసుకోగలిగే ఆపరేటింగ్ సిస్టమ్ (కంప్యూటర్‌ని నడిపే అసలు ప్రోగ్రాం) లైనక్స్. దాన్ని ప్రచారం చేసేవాళ్ళకి ఇంతకన్నా మంచి అదను మళ్ళీ రాదు. మరి వాళ్ళెక్కడున్నారంటే కాలేజీ సెమినార్ హాల్లో, అప్పటికే లైనక్స్ వాడుతున్న పిల్లలకే లైనక్స్ గొప్పతనం చెబుతున్నారు.

వాళ్ళని తక్కువ చేయడం లేదు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్ళు జీతం భత్యం లేకుండా కూర్చుని లైనక్స్ మెనూలు తెలుగులోకి తెచ్చారు, అది చిన్న పని కాదు. ఒకప్పుడు ఉబుంటు అనే ఒక రకం లైనక్స్ సీడీలు అడిగితే చాలు, పైసా ఖర్చు లేకుండా పోస్టులో ఇంటికొచ్చేవి. నాకూ వచ్చాయి, పంచాను కూడా. 2011లో ఆ పద్ధతి ఆపేశారు. నేను పంచిన సీడీల్లో ఎన్ని కంప్యూటర్లోకి వెళ్ళాయో, ఎన్ని కాకులు రాకుండా పెరట్లో వేలాడాయో ఆ దేవుడికే తెలియాలి.

2004 డిసెంబర్‌లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ అభిమానులు తలా కొంత వేసుకుని న్యూయార్క్ టైమ్స్‌లో రెండు పేజీల ప్రకటన ఇచ్చారని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. నిజమే, కానీ బ్రౌజర్ సంగతి వేరు, రెండు క్లిక్కులతో దిగుతుంది, నచ్చకపోతే తీసేయొచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ అలా కాదు. మామూలు మనిషి దాన్ని జన్మలో ఒక్కసారి కూడా సొంతంగా వేసుకోడు, కొన్నప్పుడు ఏదుంటే అది, చెడిపోయాక షాపువాడు ఏది వేస్తే అది. మన ఊళ్ళల్లో విండోస్‌కి అసలు ఏజెంట్ ఎవరంటే మూడొందలు తీసుకుని దొంగ కాపీ ఎక్కించే కుర్రాడు. నేనూ ఎక్కించినవాడినే, దాచడం ఎందుకు.

ఆమధ్య ఒక రిటైర్డ్ మాస్టారు లాప్‌టాప్ తెచ్చారు, 4 జీబీ ర్యామ్. ఆయనకి కావలసింది ప్రవచనాలు వినడం, మనవడితో వీడియోలో మాట్లాడటం, తెలుగులో ఉత్తరాలు టైపు చేయడం. లైనక్స్‌లోనే మింట్ అనే రకం వేసి, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు పద్ధతి పెట్టి, కీల మీద తెలుగు స్టిక్కర్లు అంటించి ఇచ్చాను. మర్నాడే వచ్చారు. "బాబూ, నీ కొత్త విండోస్ బాగానే ఉంది గానీ ప్రింటర్ పలకడం లేదు" అన్నారు. పది నిమిషాల పని, అయిపోయింది. అదే నేను ఆ రోజు షాపు తీయకపోతే? ఆయన పక్క వీధిలోకి వెళ్ళి మళ్ళీ దొంగ విండోస్ వేయించుకునేవారు, లైనక్స్ పనికిరాదని పదిమందికి చెప్పేవారు. లైనక్స్ సోర్స్ కోడ్ (ప్రోగ్రాం అసలు రాత) ఎవరైనా చదువుకోవచ్చన్న మాట ఆయనకి ఎందుకు, నేనే ఎప్పుడూ తెరిచి చూడలేదు.

అందరికీ వేయమని కూడా అనను. యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి) కాని పాత తెలుగు ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే విండోస్ ప్రోగ్రాంలో పెళ్ళికార్డులు చేసే మా డీటీపీ సిస్టమ్‌కి నేనే లైనక్స్ వేయలేదు. టాలీ అనే విండోస్ లెక్కల ప్రోగ్రాం మీద నడిచే దుకాణదారుడికీ చెప్పను. ఈ సంగతి ముందే చెప్పేస్తే జనం నమ్ముతారు, అన్నీ నడుస్తాయని కోస్తే మొదటి వారంలోనే పట్టుబడతాం.

కేరళ బడుల్లో లైనక్స్ నిలబడిందంటే ముందు టీచర్లకి నేర్పారు కాబట్టి, పిల్లాడికి అడగడానికి ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు. విండోస్ 10 ఆగిపోతోందని లైనక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే కేడీఈ వాళ్ళూ మిగతావాళ్ళూ కలిసి మొదలుపెట్టిన ఎండ్ ఆఫ్ 10 ప్రచారంలో కూడా దగ్గర్లో ఎవరు వేసిపెడతారో ఆ చోట్ల జాబితా ఇచ్చారు. మన దగ్గర ఆ మనిషి రిపేరు షాపువాడే. వాడికి నేర్పండి, కూలి మామూలుగానే తీసుకోనివ్వండి, ఇరుక్కుంటే ఫోన్ ఎత్తండి.

ఏటా సెప్టెంబర్ మూడో శనివారం సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డే అని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పండగ చేస్తారుగా, ఈసారి మా వీధికి రండి. మా షాపు వెనక గది ఖాళీయే, కరెంటు నాది, పెన్‌డ్రైవ్‌లు మీరు తెచ్చుకోండి.

ఇట్లు,
ఒక కంప్యూటర్ మెకానిక్, తెనాలి