జేడెన్‌కి కాస్త టైమ్ ఇద్దాం (2024 సెప్టెంబర్ 16న రాసింది)
వర్జీనియాలోని ఆష్‌బర్న్ అన్నలూ అక్కలూ, అప్పుడే మన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు వాషింగ్టన్ కమాండర్స్ కొత్త క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) జేడెన్ డేనియల్స్ మీద పడిపోకండి ప్లీజ్. టాంపాలో 37-20తో ఓడిపోయాం నిజమే, నిన్న న్యూయార్క్ జెయింట్స్ మీద ఒక్క టచ్‌డౌన్ (బంతిని అవతలి చివరి గీత దాటించడం) కూడా లేకుండా మన కిక్కర్ సీబర్ట్ కొట్టిన 7 ఫీల్డ్ గోల్స్ (బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపడం, ఒక్కోటి 3 పాయింట్లు) తోనే 21-18 గెలిచాం అదీ నిజమే, కానీ కోచ్ క్వినే కొత్త, అఫెన్స్ (దాడి) కోచ్ కింగ్స్‌బరీ పద్ధతి కొత్త, హడిల్ (ఆట మధ్యలో గుమిగూడి మాట్లాడుకోవడం) లేకుండా గబగబా ఆడించే పద్ధతి, పైగా క్వార్టర్‌బ్యాక్ ఏమో ఇప్పుడే కాలేజీ నుంచి వచ్చిన కుర్రాడు, రెండు వారాల్లో అందరికీ కుదరాలంటే ఎలా చెప్పండి? ఇంతవరకు ఒక్క ఇంటర్‌సెప్షన్ (విసిరిన బంతిని ఎదుటి జట్టు పట్టేయడం) లేదు, నాకైతే అదే పెద్ద విషయం. కాకపోతే మొదట చూసిన రిసీవర్ (పాస్ అందుకునేవాడు) దొరక్కపోతే వెంటనే పరిగెత్తేస్తున్నాడు, ఆ సన్నటి మనిషి అన్ని దెబ్బలు తింటుంటే భయమేస్తోంది, దెబ్బ తగలకముందే నేల మీదకి జారిపోయి ఆగడం (స్లైడ్) నేర్చుకోవాలి. వచ్చే సోమవారం రాత్రి సిన్సినాటీతో మ్యాచ్, మర్చిపోకుండా చూడండి.