సర్టిఫికెట్ సరే, చేతి పని ఏది?

కంప్యూటర్ నెట్‌వర్కింగ్ ఉద్యోగానికి సిస్కో కంపెనీ ఇచ్చే సీసీఎన్ఏ సర్టిఫికెట్ ఒక్కటుంటే చాలని పిల్లలను నమ్మిస్తున్న శిక్షణ కేంద్రాలపై అజమాయిషీ ఉండాలి. ఆ సర్టిఫికెట్ వృథా అని నేననను. అనుభవం లేని కుర్రాడి బయోడేటాను పక్కన పడేయకుండా ఆపేది చాలాసార్లు అదే. ఐపీ అడ్రసింగ్ (పరికరాలకు చిరునామాలివ్వడం), రౌటింగ్ (డేటాకు దారి చూపడం) లాంటి పునాదులను ఒక క్రమంలో చదివిస్తుంది కూడా. కానీ ఇంటర్వ్యూల్లో నేను చూస్తున్నది వేరు. బయటికి పొక్కిన ప్రశ్నల ‘డంప్స్’ బట్టీపట్టి గట్టెక్కినవారికి రెండు స్విచ్‌లు (కంప్యూటర్లను కలిపే పరికరాలు) ఇచ్చి వీలాన్‌లు (ఒకే స్విచ్‌పై విడివిడిగా నడిచే నెట్‌వర్క్‌లు) కలపమంటే, వాటన్నిటినీ ఒకే లింకుపై మోసే ట్రంక్ పోర్టు దగ్గరే ఆగిపోతున్నారు. మొన్న ఒకమ్మాయి నెట్‌వర్క్‌ను చిన్న భాగాలుగా విడగొట్టే సబ్‌నెట్ లెక్క చకచకా వేసింది. లింకు ఎందుకు పనిచేయడం లేదో వెతకమంటే కళ్లనీళ్లు పెట్టుకుంది. కోర్సులో ఒక్క పరికరాన్నీ ముట్టుకోనివ్వలేదట! పరీక్ష ఫీజే 300 డాలర్లు, సర్టిఫికెట్ చెల్లేది 3 ఏళ్లు. అప్పు చేసి కట్టిన తల్లిదండ్రులకు ఎవరు జవాబు చెప్పాలి? ల్యాబ్‌లో ఎన్ని గంటలు, ఏ పరికరాల మీద నేర్పుతారో ఫీజు తీసుకునే ముందే రాసివ్వాలన్న నిబంధన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు తేవాలి. పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కళాశాలలు కంపెనీలు తీసేసిన పాత రౌటర్లు, స్విచ్‌లు సేకరించి విద్యార్థుల చేతికివ్వాలి. కళాశాల సొంత నెట్‌వర్క్ నిర్వహణలో వారిని కూర్చోబెట్టాలి. అంతవరకూ సిస్కో ఉచితంగా ఇస్తున్న ప్యాకెట్ ట్రేసర్‌లోనైనా (నెట్‌వర్క్ పరికరాలను కంప్యూటర్ తెరపైనే అనుకరించే సాఫ్ట్‌వేర్) రోజూ గంటసేపు సాధన చేయించవచ్చు, దానికి నిధులు అక్కర్లేదు.

– ఒక నెట్‌వర్క్ ఇంజినీరు, హైదరాబాద్