బస్తీ రిజిస్టరుకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి

సంపాదకుడు గారికి,

అయ్యా,

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వాగు విజయవాడను ముంచెత్తి అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్న సంగతి మీ పాఠకులు మరిచిపోయి ఉండరు. నీరు తీశాక అగ్నిమాపక వాహనాలు వచ్చి వీధుల్లో, ఇళ్లలో పేరుకున్న బురదను కడిగాయి. ఆ వాహనాలు వెళ్లిపోయిన తరువాత మా వీధుల సంగతి ఎవరు చూస్తారన్న ఆలోచనతో ఇరుగుపొరుగు పాతిక మందిమి కలిసి, తాగునీరు, మురుగు, దోమల విషయం చూసుకునే చిన్న బృందంగా ఏర్పడ్డాము. దానిని నడిపిస్తున్న స్థానిక పెద్దల గురించి, వారి పనికి నగర పాలన నుంచి దక్కవలసిన గుర్తింపు గురించి ఈ లేఖ రాస్తున్నాను.

మా బృందానికి పేరు పెట్టుకోలేదు. ఉన్నదల్లా వీధి సమస్యలను రాసుకునే ఒక పొడుగాటి రిజిస్టరు. విశ్రాంత ఉపాధ్యాయురాలిని గనుక అది రాసే బాధ్యత నాకు అప్పగించారు. దారి చూపేది మాత్రం ఇద్దరు: నీటి సరఫరా పనుల్లో ఫిట్టరుగా జీవితమంతా గడిపి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన, డ్వాక్రా సంఘానికి ఏళ్ల తరబడి లెక్కలు చూస్తున్న ఒక గృహిణి. ఆయనను వీధంతా బాబాయి గారు అని, ఆమెను అక్క అని పిలుస్తుంది. వారు ఒప్పుకోరు కాబట్టి పేర్లు రాయడం లేదు.

బాబాయి గారు మాకు మొదట నేర్పింది కుళాయి నీటిని ఎక్కడ పరీక్షించాలన్న విషయం. ట్యాంకు దగ్గర పట్టిన నీరు బాగానే ఉంటుందనీ, లైను చివరి ఇంట్లో పట్టిన నీరే అసలు సంగతి చెబుతుందనీ ఆయన అంటారు. నీళ్లు వదలని గంటల్లో గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. ఆ గొట్టం సైడు కాలువను దాటే చోట చిన్న పగులు ఉన్నా, జాయింటు వదులైనా, చుట్టూ నిలిచిన మురుగు లోపలికి చేరుతుంది. పైగా కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఆ పీల్పుకు మురుగు ఇంకా తేలికగా దూరుతుంది. ఈ మాట విన్న వారం లోపలే మా వీధిలో నలుగురు తమంతట తాము మోటార్లు విప్పేశారు. అదే మాట బయటి నుంచి వచ్చిన అధికారి చెప్పి ఉంటే వాదన జరిగేదే తప్ప మోటారు కదిలేది కాదని నా నమ్మకం. తమ ఇంటి వాల్వు బిగించిన చేతుల మీద జనానికి ఉండే గురి వేరు.

చివరి కుళాయిలో మిగులు క్లోరిన్, అంటే శుద్ధి కోసం కలిపినదానిలో ఇంకా మిగిలి ఉన్న క్లోరిన్, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. క్లోరిన్ కొలిచే చిన్న పరికరమైన క్లోరోస్కోపులో ద్రావణం చుక్కలు వేసి, పసుపు రంగు ఎంత వచ్చిందో చూసి రాసుకోవడం పదో తరగతి పిల్లలకు కూడా వచ్చేసింది. అనుమానం ఉన్న నీటిని పరీక్ష సీసాలో పోసి ఉంచితే, మల సంబంధమైన కాలుష్యం ఉన్నప్పుడు ఒకటి రెండు రోజుల్లో ఆ నీరు నల్లబడుతుంది. నల్లబడిన సీసాను చూసిన తల్లి కాచిన నీళ్లు తప్ప బిడ్డకు మరొకటి పట్టదు. 2018 మార్చిలో గుంటూరులో తాగునీటిలో మురుగు కలిసి డయేరియా ప్రబలి ప్రాణాలు పోయిన దారుణం ఇక్కడికి గంట ప్రయాణంలోనే జరిగింది. జబ్బు బయటపడ్డాక గొట్టం తవ్వడానికీ, ముందే చివరి కుళాయిని కనిపెట్టి ఉండడానికీ మధ్య ఉన్న తేడా ఎంతటిదో ఆ కుటుంబాలను అడిగితే చెబుతాయి.

అక్క పద్ధతి మరొకటి. శుక్రవారం డ్రై డే, అంటే నీటి పాత్రలను ఖాళీ చేసి ఆరబెట్టే రోజు అని ప్రభుత్వం ఎంత ప్రచారం చేసినా, చాలామంది డ్రమ్ములో నీళ్లు పారబోసి మళ్లీ నింపేస్తారు. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున పాత్ర గోడకు అంటుకుని, ఎండిపోయినా నెలల పాటు బతికి ఉండి, నీరు తగలగానే పిల్లలవుతాయి. అందుకే పారబోయడంతో సరిపెట్టకుండా కొబ్బరి పీచుతో లోపలి అంచంతా తోమాలి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికి ఒకసారి తోమితే ఆ వరుస తెగుతుంది. అక్క ఈ సంగతిని ఉపన్యాసంగా చెప్పరు. టార్చిలైటు పట్టుకుని పిల్లలను వెంటేసుకుని వెళ్లి, కూలర్ అడుగున, ఫ్రిజ్ వెనుక ట్రేలో, మేడ మీది పాత టైరులో తోకాడిస్తున్న పురుగులను చూపిస్తారు. ఆ సాయంత్రమే పిల్లలు ఇంట్లో పెద్దలను నిలదీస్తారు. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం జ్వరాల వివరం తెచ్చి ఇస్తే ఏ ఇంటి చుట్టూ ముందు వెతకాలో ఆమె నిర్ణయిస్తారు.

స్థానిక పెద్దలు చెప్పిందల్లా సరైనదేనని నేను అనను. మొదటి వర్షాకాలంలో మా వాళ్లు ఉత్సాహం కొద్దీ దుకాణాల ముందు కాలువ మీద వేసిన కాంక్రీటు పలకలను పీకేయబోతే పెద్ద గొడవే అయింది. అప్పుడు బాబాయి గారు దుకాణదారులతో కూర్చుని, కదలని ఆ పలకలకు బదులు ఇద్దరు మనుషులు ఎత్తగలిగే కొలతలో రాళ్లు వేసుకునేలా ఒప్పించారు. ఆ తరువాత పారిశుద్ధ్య కార్మికులు పార పెట్టడానికి చోటు దొరికింది. తీసిన సిల్టు గట్టునే ఆరబెడితే మొదటి వానకు తిరిగి కాలువలోకే జారుతుందని, అదే రోజు బండికి ఎత్తాలని చెప్పింది కూడా ఆ కార్మికులే. మా బృందానికి వారు కూడా గురువులే.

ఇటువంటి పెద్దలకు ఎదురయ్యే కష్టం ప్రజల నుంచి రావడం లేదు. రిజిస్టరులో రాసిన లీకేజీని చూపించడానికి ఒక్కో సమస్యకు ఒక్కో కార్యాలయం తిరగాలి. రోజు కూలికి వెళ్లే స్త్రీ అర పూట పోగొట్టుకుని వెళితే, సంబంధిత అధికారి సైటు మీద ఉన్నారన్న మాట వినిపిస్తుంది. అర్జీ తీసుకుంటారు, రసీదు కూడా ఇస్తారు. పని ఎప్పుడవుతుందో, కాకపోతే ఎందుకు కాదో చెప్పే మనిషి మాత్రం దొరకడు. ఇలా నాలుగుసార్లు జరిగితే వీధి వారి నమ్మకం సడలేది ఆ అధికారి మీద కాదు, తమ కోసం తిరిగిన అక్క మీద. ఎన్నికలు దగ్గర పడితే ఈమె ఏ పార్టీ మనిషి అన్న ఆరా కూడా మొదలవుతుంది. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

దీనికి కొత్త చట్టం అక్కరలేదు. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, 3 లక్షలు, ఆపై జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 243-ఎస్ అధికరణంలో స్పష్టంగా చెప్పింది. ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, నీటి సరఫరా పన్నెండో షెడ్యూలులో పురపాలనకు అప్పగించదగిన విషయాలుగా ఉన్నాయి. 2019 అక్టోబరు 2న మొదలైన వార్డు సచివాలయాల వ్యవస్థలో పారిశుద్ధ్య, పర్యావరణ కార్యదర్శి అనే ఉద్యోగం కూడా ఉంది. మనుషులు ఉన్నారు, కుర్చీలు ఉన్నాయి, వారందరూ ఒక బల్ల చుట్టూ కూర్చోవడమే జరగడం లేదు.

నెలకు ఒక్కసారి, కూలి పనులకు అడ్డం రాని సాయంత్రం వేళ, ప్రతి వార్డు సచివాలయంలో ఇంజినీరింగ్, పారిశుద్ధ్య, ఆరోగ్య సిబ్బంది స్థానిక బృందాలతో కలిసి కూర్చోవాలి. బస్తీ రిజిస్టరు తెరిచి, ఒక్కో నమోదు ఎదుట పని పూర్తయ్యే తేదీని గానీ, కాకపోవడానికి కారణాన్ని గానీ రాసి సంతకం చేయాలి. లైను చివరి కుళాయిల పరీక్ష ఫలితాలను సచివాలయం గోడ మీద అంటించాలి. బృందాన్ని నడిపేవారిని వీధుల వారే ఎంచుకోవాలి, రెండేళ్లకు ఒకసారి మార్చుకునే వీలు ఉండాలి, వారిలో సగం మందికి తగ్గకుండా స్త్రీలు ఉండాలి. పార్టీ పదవిలో ఉన్నవారిని ఈ బాధ్యత నుంచి దూరంగా ఉంచాలి. క్లోరోస్కోపులో వేసే ద్రావణం, చేతి తొడుగులు, పరీక్ష సీసాలు ప్రజల చందాలతో కొనవలసిన వస్తువులు కావు, వాటిని నగరపాలక సంస్థే ఇవ్వాలి.

నైరుతి వానలు జూన్‌లో మొదలవుతాయి. ఈ సమావేశాలు ఏప్రిల్‌లోనే ఆరంభమైతే మొదటి వానకు ముందే కాలువల పూడిక, గొట్టాల లీకేజీల సంగతి తేలడానికి వ్యవధి ఉంటుంది. మా రిజిస్టరులో ప్రస్తుతం జవాబు లేని నమోదులు పదకొండు ఉన్నాయి. వాటిలో మూడు తాగునీటి గొట్టం మురుగు కాలువను దాటే చోట్ల గురించినవి. ముందుగా ఆ మూడింటిని చూడవలసిందిగా మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
పాయకాపురం, విజయవాడ.