కార్డు పోయినా ఫొటోలు పోకూడదు

ఒరేయ్ శ్రీనూ,

పాపకి జ్వరం తగ్గిందా? మొన్న ఫోన్లో సగంలో ఆగిపోయిన కథ మొత్తం రాస్తున్నా.

గవర్నర్‌పేటలో మా బావ ఫొటో స్టూడియో తెలుసుగా. వేసవి పెళ్లిళ్ల మధ్యలో సర్వర్‌లో రెయిడ్ కార్డు, అంటే డిస్కులన్నిటినీ కలిపి ఒకటిగా నడిపేది, కాలిపోయింది. డిస్కులు నాలుగూ బాగానే ఉన్నాయి. కానీ ఆ కార్డు డిస్కుల మీద తన సొంత పద్ధతిలో రాసుకుంటుంది, వేరే కార్డుకి తగిలిస్తే ఖాళీగా కనిపించాయి. సరిగ్గా అదే మోడల్ పాత కార్డు దొరకడానికి పదకొండు రోజులు పట్టింది. ఒక పెళ్లికూతురి నాన్నగారు రోజూ వచ్చి షాపులో కూర్చునేవారు. ఆయన్ని చూస్తే బావకి అన్నం దిగేది కాదు.

అందుకే ఈసారి ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద జడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ పెట్టాలనుకున్నా. డిస్కుల్ని కలిపే పనంతా అదే చూసుకుంటుంది. కార్డు డిస్కుల్ని ఉన్నవి ఉన్నట్టు చూపిస్తే చాలు.

ఆ కార్డు దొరకడమే కష్టమైందిరా! ఏలూరు రోడ్డులో ఏ షాపులో అడిగినా కంపెనీ పేరు చెబుతారు. కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్‌కి, అంటే డ్రైవర్‌కి, కావలసింది లోపలి చిప్పు ఏదన్నది. ఒకే కంపెనీ కార్డుల్లో రకరకాల చిప్పులుంటాయి, పైగా అది హీట్‌సింక్ కింద ఉంటుంది. చివరికి పెన్‌డ్రైవ్‌లో ఫ్రీబీఎస్‌డీ తీసుకెళ్లి, షాపు వాళ్ల మెషిన్లోనే బూట్ చేసి చూశా. సెకండ్ హ్యాండ్ ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ, లోపల ఎస్‌ఏఎస్ 2008 చిప్పు. ఫ్రీబీఎస్‌డీలోని ఎంపీఎస్ డ్రైవర్ వెంటనే పట్టుకుంది. దాన్లో రెయిడ్ ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి ప్రోగ్రాం) ఉంటే తీసేసి, డిస్కుల్ని ఉన్నవి ఉన్నట్టు చూపించే ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్ ఎక్కించా, యూపీఎస్ మీద పెట్టి మరీ.

డ్రైవర్ ఊరికే రాదురా. 2005లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు, డ్రైవర్ కోసం అడాప్టెక్ కంపెనీని రెయిడ్ కార్డుల డాక్యుమెంటేషన్ అడిగితే ఇవ్వలేదు. దాంతో 3.7 విడుదలలో ఆ డ్రైవర్‌ని మామూలు కెర్నల్ నుంచి తీసేశారు. వాళ్లు చేసింది న్యాయమే. సగం తెలిసిన కార్డు మీద జనం పెళ్లి ఫొటోలు ఎలా పెడతాం?

మా సర్వర్‌లో 4 టీబీ డిస్కులు ఆరు, జడ్‌ఎఫ్‌ఎస్‌లోని రెయిడ్‌జడ్2 పద్ధతిలో కలిపా. రెండు పోయినా డేటా నిలుస్తుంది, సుమారు 16 టీబీ వాడుకోవచ్చు. ఈ కార్డులు పెద్ద సర్వర్లలో ఫ్యాన్లు గట్టిగా కొట్టే గాలికి తయారైనవి, మన బెజవాడ ఎండకి చెయ్యి కాలేంత వేడెక్కింది. హీట్‌సింక్ మీద చిన్న ఫ్యాన్ బిగించా.

అసలు పరీక్ష ఆదివారం చేశా. ఆరు డిస్కులూ పీకి, ఏ కార్డూ లేని మా ఇంటి డెస్క్‌టాప్ మదర్‌బోర్డుకే తగిలించి జడ్‌పూల్ ఇంపోర్ట్ అని, డిస్కుల్ని మళ్లీ గుర్తుపట్టించే కమాండ్ కొట్టా. ఫొటోలన్నీ వచ్చేశాయి! బావ కుర్చీలోంచి లేచి స్క్రీన్ దగ్గరికొచ్చి ఒక్కో ఫోల్డరూ తెరిపించుకున్నాడు.

ఒక సాయం చెయ్యరా. కార్డుకి రెండో కేబుల్ తప్పుది కొన్నా. కార్డు మీది ఎస్‌ఎఫ్‌ఎఫ్ 8087 అనే సాకెట్ నుంచి నాలుగు సాటా డిస్కులకి వెళ్లే రకం కేబుళ్లు ఫార్వర్డ్, రివర్స్ అని రెండు రకాలు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. రివర్స్‌ది పెట్టి డిస్కులు కనిపించక సగం రోజు పోగొట్టుకున్నా. ప్రస్తుతానికి రెండు డిస్కులు మదర్‌బోర్డు మీదే నడుస్తున్నాయి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు వెళ్తే ఫార్వర్డ్‌ది ఒకటి, అర మీటరు పొడవుది తీసుకో. దసరాకి వచ్చేటప్పుడు తెస్తే చాలు.

నీ
రవి