గజాల లెక్క చూసుకోరా

ఒరేయ్ రమేశ్,

మొన్న ఫోన్లో "200 గజాల స్థలం చూశాన్రా" అని నువ్వు సంబరంగా చెబుతుంటే అడ్డుపడబుద్ధి కాలేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నా. దాని ముఖం ఎంత, లోతు ఎంత?

గజమంటే 3 అడుగులు, అది పొడవు. స్థలాల బేరంలో మాత్రం మనవాళ్లు "చదరపు" అన్న మాట మింగేస్తారు. గజం ఇంత రేటు అన్నారంటే చదరపు గజమే, అంటే 9 చదరపు అడుగులు. నీ 200 గజాలు 1800 చదరపు అడుగులన్నమాట. 30 అడుగుల ముఖం, 60 లోతు ఉన్నా 200 గజాలే, 20 ముఖం, 90 లోతు ఉన్నా 200 గజాలే. రెండోదైతే, చుట్టూ సందు వదిలాక ఇల్లు రైలుపెట్టెలా తయారవుతుంది. అమ్మేవాడు మాత్రం గజాలే చెబుతాడు, ముఖం సంగతి నువ్వడిగితే తప్ప ఎత్తడు.

మీ అత్తగారి వైపు సెంట్లలో మాట్లాడతారు కదా, అక్కడా జాగ్రత్త. సెంటు 48.4 గజాలు. నాలుగు సెంట్లను నోటిలెక్కన 200 గజాలనేస్తారు కానీ అది 193.6 మాత్రమే. ఇప్పటి రేట్లకి ఆ ఆరు గజాలు చిన్న డబ్బా? తెలంగాణలో గుంటలు, ఒక్కో గుంట 121 గజాలు. 100 సెంట్లయినా, 40 గుంటలైనా ఎకరం 4840 గజాలే.

ఈ 4840 వెనక ఉన్న లెక్క వింటే నీలాంటి క్రికెట్ పిచ్చోడికి నచ్చుతుంది. 17వ శతాబ్దంలో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లిష్ గణితవేత్త భూములు కొలవడానికి 22 గజాల గొలుసు తయారుచేశాడు. పిచ్ మీద వికెట్ల మధ్య దూరం కూడా సరిగ్గా అంతే! ఒక గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవు ఉంటే ఎకరం. 22ని 220తో గుణించి చూడు.

చీరల దగ్గర మాత్రం గజం మళ్లీ పొడవే. ఆరు గజాల చీర అంటే దాదాపు ఐదున్నర మీటర్లు. 1959లో అమెరికా, బ్రిటన్ లాంటి దేశాలు కూర్చుని గజాన్ని 0.9144 మీటరుగా ఖాయం చేసుకున్నాయిలే. అక్బర్ కాలపు ఇలాహీ గజమైతే దీనికంటే కాస్త పొట్టిది.

సరే, నీ పని చూడు. దస్తావేజులో నాలుగు వైపుల కొలతలూ అడుగుల్లో ఉన్నాయో లేదో చూసి ఫోటో తీసి పంపు. ఆదివారం టేపు పట్టుకుని ఇద్దరం వెళ్దాం. అంతదాకా అడ్వాన్స్ మాత్రం ఇవ్వకు.

నీ
శీను