పుస్తకం మూసి అడగండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన నెల ఎనిమిదో తరగతిలో ఒక పీరియడ్ వెనక బెంచీలో కూర్చున్నాను. ధవళేశ్వరం ఆనకట్ట గురించి చెప్పి రెండు రోజులైంది. సోషల్ టీచర్ పుస్తకాలు మూయించి, తెల్లకాగితాలిచ్చి, గుర్తున్నదంతా రాయమన్నారు. నా పక్కనున్న అమ్మాయి ఇంటి దగ్గర ఐదుసార్లు చదివిందట. పెన్ను మూత కొరుకుతూ చాలాసేపు కిటికీలోంచి కొబ్బరిచెట్ల వైపు చూసింది. చివరికి 'కాటన్ దొర కట్టించాడు, 1852' అని రాసి ఆగిపోయింది. చదవలేదనుకుంటామేమోనని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆ పిల్ల నిజంగానే చదివింది. కానీ అదే పేజీ మళ్లీ మళ్లీ చూస్తుంటే పాఠం కళ్లకు అలవాటై, వచ్చేసినట్టే అనిపిస్తుంది. పుస్తకం లేకుండా గుర్తు తెచ్చుకోవడం వేరే పని. అది చేసి చూస్తేనే వస్తుంది.

దీని మీద అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ విద్యార్థుల్లో కొందరు ఒక పాఠాన్ని నాలుగు విడతలూ చదివారు. కొందరు ఒక్క విడతే చదివి, మిగతా మూడు విడతలూ చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే వాళ్లకు నూటికి 40 వంతులే గుర్తుంది, రాసినవాళ్లకు 61. పరీక్ష ముందురోజు రాత్రంతా చదివించి, తెల్లారి మనమూ పిల్లలూ పడే టెన్షన్ నాకు గుర్తొచ్చింది.

అందుకే ఇప్పుడు అన్ని తరగతుల్లో వారానికి రెండుసార్లు ఈ తెల్లకాగితం పెడుతున్నాం. రాశాక పుస్తకం తెరిచి, వదిలేసినవి పిల్లలే వేరే రంగు పెన్నుతో చేర్చుకుంటారు. ఈ దిద్దుకోవడం తప్పనిసరి, లేకపోతే తప్పే మనసులో నిలిచిపోతుంది. ఆ అమ్మాయి రెండో కాగితంలో ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయల పేర్లు కూడా ఉన్నాయి.

ఇంటి దగ్గర మీరూ ఇది చేయొచ్చు. 'మాకు చదువు రాదు మాస్టారూ, ఏం చెప్పగలం' అని కొందరు తల్లులు బాధపడుతుంటారు. అమ్మా, మీరు పాఠం చెప్పక్కర్లేదు. వంట చేస్తూనే 'పుస్తకం మూసి, ఇవాళ ఏం చెప్పారో నాకు చెప్పు' అనండి. తడబడితే కాస్త ఆగండి, వెంటనే అందించకండి. చెప్పాక పుస్తకం తీసి చూసుకోమనండి. రెండ్రోజులాగి అదే మళ్లీ అడగండి.

ఆ కాగితాలు శనివారం ఇంటికి పంపుతాం. వాటికి మార్కులుండవు. ఖాళీగా కనిపించినా దయచేసి తిట్టకండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు